జంట సిలిండర్ల బండితో కాపురం

పిల్లలూ, మోటార్ సైకిల్ ఇంజన్ లోపల పిస్టన్ సెకనుకి ఎన్నిసార్లు ఆగుతుందో ఎప్పుడైనా లెక్క వేశారా? శ్రీనగర్ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా మనవడి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ఉంది, లెక్కకి దాన్నే తీసుకుందాం. ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకి దాదాపు 67 చుట్లు. ఒక్కో చుట్టులో పిస్టన్ పైన ఒకసారి, కింద ఒకసారి ఆగి వెనక్కి మళ్ళాలి. అంటే సెకనుకి 133 సార్లు ఆగడం, మళ్ళీ బయల్దేరడం. అది నడిచే దారి పొడవు 67.8 మిల్లీమీటర్లు, నాలుగు వేళ్ళ వెడల్పు. ఆ కాస్త దారిలోనే సగటున గంటకి 32 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. అలా ఆగి మళ్ళిన ప్రతిసారీ ఇంజన్‌ని ఒక తోపు తోస్తుంది. ఆ తోపే ఫ్రేములోంచి హ్యాండిల్‌కి పాకి మీ అరచేతులు తిమ్మిరెక్కిస్తుంది, సీటులోంచి నడుముకి చేరుతుంది. బండి మీద సుఖం గురించి మాట్లాడాలంటే ఇక్కణ్ణించే మొదలుపెట్టాలి. బండికి తగిలించే సామాన్ల కొట్టు సంగతి తర్వాత.

మన రోడ్ల మీద రెండు సిలిండర్ల బండి ఎప్పుడూ అరుదే. మైసూరు జావాకి రెండు సైలెన్సర్లు చూసి చాలామంది అది ట్విన్ అనుకునేవారు. దానికున్నది ఒకటే సిలిండరు, పొగ బయటికి పోయే దారులు మాత్రం రెండు. 1983లో ఎస్కార్ట్స్ వాళ్ళు యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ 350 పేరుతో తెచ్చారు. అది అసలైన జంట, 347 సీసీ టూ స్ట్రోక్. దాని పరుగు చూసి కుర్రాళ్ళు ముచ్చటపడ్డారు, పెట్రోలు ఖర్చు చూసి ఇంట్లోవాళ్ళు జడిశారు. దశాబ్దం నిండకుండానే ఆగిపోయింది. ఇంటర్‌సెప్టర్ పేరు అంతకన్నా పాతది. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 1960లో 692 సీసీతో, ఆ తర్వాత 736 సీసీతో ఈ పేరు పెట్టి బళ్ళు చేసింది, ముఖ్యంగా అమెరికా వాళ్ళ కోసం. 1970తో ఆ పేరు మూతపడింది. మద్రాసులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా మాత్రం బుల్లెట్‌ని వదలకుండా చేసుకుంటూ వచ్చి, పాత పేరుని 2017 నవంబరులో మిలాన్ ప్రదర్శనలో మళ్ళీ నిలబెట్టింది. మరుసటి నవంబరులో రెండున్నర లక్షల షోరూమ్ ధరకి బండి మన ఊళ్ళకి వచ్చింది. 648 సీసీ, 47 హార్స్ పవర్, ఆరు గేర్లు. ఇంగ్లండులో ఊపిరి ఆగిన పేరుని చెన్నైలో చేసిన ఇంజన్ బతికించిందంటే నాకు చాలా సంతోషం.

పైకి చూస్తే పాతదానికీ కొత్తదానికీ పోలికలు ఎన్నో. గుండ్రటి దీపం, నీటిబొట్టు ఆకారంలో టాంకు, చెరో పక్కన ఒక సైలెన్సర్. తేడా అంతా లోపల, పిస్టన్ల రాకపోకల్ని చుట్టుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌లో ఉంది. 1937లో ఎడ్వర్డ్ టర్నర్ ట్రయంఫ్ స్పీడ్ ట్విన్ చేసినప్పటి నుంచీ బ్రిటిష్ జంట సిలిండర్ల బళ్ళలో రెండు పిస్టన్లూ కలిసి పైకి పోయేవి, కలిసి కిందికి దిగేవి. పేలుడు మాత్రం వంతులవారీగా, చుట్టుకి ఒకటి చొప్పున. దీన్ని 360 డిగ్రీల ఏర్పాటు అంటారు. కొత్త ఇంటర్‌సెప్టర్‌లో రెండు పిస్టన్ల మధ్య 270 డిగ్రీల ఎడం పెట్టారు. మీ అమ్మమ్మల కాలంలో ఒకే రోటి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రెండు రోకళ్ళతో వడ్లు దంచేవారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సమానంగా ఉంటే ఒక లయ, రెండో రోకలి కాస్త తొందరపడితే మరో లయ. ఇక్కడా అంతే. 720 డిగ్రీల పూర్తి ఆవృత్తంలో పాత బండి 360కి ఒకటి, మళ్ళీ 360కి ఒకటి పేలుస్తుంది. కొత్తది 270కి ఒకటి, తర్వాత 450కి ఒకటి. ఆ తొందర, ఆ ఆలస్యమే మీకు నచ్చే గుడగుడ.

శబ్దం కోసమే ఈ తంటా పడలేదు. రెండు పిస్టన్లూ ఒక్కసారే ఆగితే వాటి చలనశక్తినంతా ఫ్లైవీల్ మింగాలి, మరుక్షణం తిరిగి ఇవ్వాలి. చుట్టుకి రెండుసార్లు ఈ ఇచ్చిపుచ్చుకోవడం. 270 డిగ్రీల ఏర్పాటులో ఒకటి ఆగేవేళకి రెండోది దాదాపు పూర్తి వేగంలో ఉంటుంది. ఒకటి వదిలిన శక్తిని రెండోది అందుకుంటుంది, ఇంజన్ ఒడుదొడుకులు లేకుండా తిరుగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పిస్టన్ పై సగంలో కాస్త వేగంగా, కింది సగంలో కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఆ తేడా వల్ల చుట్టుకి రెండుసార్లు వచ్చే సన్నటి అదురు ఒకటి పుడుతుంది. ఈ అమరికలో రెండు పిస్టన్ల సన్న అదుర్లూ ఎదురెదురై చెల్లిపోతాయి. చుట్టుకి ఒకసారి వచ్చే పెద్ద అదురు మాత్రం మిగులుతుంది. దాన్ని అణచడానికి, ఒక పక్కకి బరువు మొగ్గేట్టు చేసిన బ్యాలెన్సర్ షాఫ్ట్‌ని ఎదురు దిశలో తిప్పుతారు. ఈ 270 డిగ్రీల క్రాంక్‌ని అమ్మకపు బండిలో మొదట పెట్టింది యమహా, 1995లో టీఆర్‌ఎక్స్ 850 మీద. ట్రయంఫ్ కూడా 2016 బానవిల్‌లో ఈ దారికే వచ్చింది. ఇంత పని చేసినా అదురు సున్నా అవదు. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు అవుతుంది కనుక, పై గేరు వేసి ఇంజన్‌ని నెమ్మదిగా తిప్పడం అరచేతులకి మొదటి మందు. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక మన పంజాగుట్ట సిగ్నల్ దగ్గరికి వద్దాం. మే నెల మధ్యాహ్నం, నీడ లేదు, బండి కదలదు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే చక్రం దాకా చేరేది మూడో వంతుకి లోపే. మిగతాదంతా వేడి, కొంత సైలెన్సర్ దారిన, కొంత ఇంజన్ ఒంటి దారిన బయటికి పోవాలి. ఈ బండికి నీళ్ళ రేడియేటర్ లేదు. సిలిండర్ల చుట్టూ రెక్కలు, ముందు ఒక ఆయిల్ కూలరు, అంతే. రెండూ గాలి మీద ఆధారపడ్డవే, గాలి బండి నడిస్తేనే వస్తుంది. నిలబడ్డ బండి వేడంతా మీ మోకాళ్ళ దగ్గర పోగవుతుంది. "తాతయ్యా, కాళ్ళు ఉడుకుతున్నాయి, ఏదైనా కవచం ఉందా?" అని మావాడు అడిగాడు. కవచం ఎందుకురా, ఎర్ర దీపం పక్కన అంకెలు కనబడుతున్నాయి కదా, ఎక్కువ సెకన్లుంటే ఇంజన్ ఆపు అన్నాను. నిండా కప్పే నూలు ప్యాంటు వేసుకోమన్నాను. ఆయిల్ మట్టం తరచూ చూడమన్నాను, ఎందుకంటే ఈ ఇంజన్‌లో ఆయిల్ రాపిడి తగ్గించడంతోపాటు వేడిని మోసుకుపోయే పని కూడా చేస్తుంది. డబ్బా మీద 10డబ్ల్యూ-50 అని ఉంటుంది. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత పల్చగా పారుతుందో చెబుతుంది, రెండోది నూరు డిగ్రీల వేడిలో ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెబుతుంది. మన ఎండలకి ఆ రెండో అంకె ముఖ్యం. చవగ్గా దొరికిందని వేరే అంకెల ఆయిల్ పోయించకండి.

ఇప్పుడు సీటు. ఈ బండి గురించి ఎవరిని కదిపినా మొదటి ఫిర్యాదు ఇదే. 804 మిల్లీమీటర్ల ఎత్తులో బల్లపరుపుగా, పాతకాలపు అందంతో ఉంటుంది. అమీర్‌పేట వెళ్ళొచ్చేదాకా బాగానే ఉంటుంది, నాగార్జునసాగర్ బయల్దేరితే సగం దారిలోనే కసరత్తు మొదలు. మెత్తటి సీటు వేయిస్తే పోతుందని అందరూ అనుకుంటారు. ఇక్కడే శాస్త్రం అక్కరకొస్తుంది. మన తుంటి కింద రెండు ఎముకల మొనలుంటాయి, కూర్చున్నప్పుడు బరువులో ఎక్కువ భాగం వాటి మీదే. నొప్పిని నిర్ణయించేది బరువు కాదు, ఒత్తిడి, అంటే బరువుని పరుచుకున్న చోటుతో భాగిస్తే వచ్చేది. మరీ మెత్తటి నురుగు మొదట హాయిగా ఉంటుంది. కాసేపటికి ఎముక కింద పూర్తిగా అణిగిపోయి, అడుగునున్న గట్టి పళ్ళెం తగులుతుంది. పక్కల నురుగు ఏ బరువూ మోయదు. అప్పుడు చర్మం కింది సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోయి తిమ్మిరి, ఆ వెనకే మంట. చిక్కటి నురుగు చేత్తో నొక్కితే గట్టిగా అనిపిస్తుంది కానీ తొడల దాకా బరువుని పంచుతుంది. కాబట్టి సీటు కుట్టేవాళ్ళ దగ్గరికి వెళితే మెత్తగా చెయ్యమనకండి. వెడల్పుగా, చిక్కటి నురుగుతో చెయ్యమనండి. కంపెనీ అమ్మే టూరింగ్ సీటు కొన్నా ఇదే పరీక్ష, కొట్టులో రెండు నిమిషాలు కూర్చుని తేల్చకూడదు.

గాలి బుడగల దిండ్లు కూడా వస్తున్నాయి. వాటి వెనక ఉన్నది పాస్కల్ సూత్రం. గదులన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కనుక ఒత్తిడి అన్ని గదుల్లోనూ ఒకటే అవుతుంది, ఎముక మొన కింద ప్రత్యేకంగా పెరగదు. మంచి వస్తువే. కానీ గాలి నిండుగా ఊదితే బంతి మీద కూర్చున్నట్టే, మలుపులో నడుం జారుతుంది. కూర్చున్నాక సీటుకి మీకు మధ్య పల్చటి గాలి పొర మిగిలేంత వదలండి. ఎంత మంచి సీటైనా గంటల తరబడి ఒకే భంగిమని మన్నించదు, దారిలో అప్పుడప్పుడు దిగి నాలుగడుగులు వేయండి. ఎండలో నిలిపిన నల్ల రెగ్జిన్ మీద తెల్లటి కండువా పరవడం మా కాలం అలవాటు, ఈ కాలానికీ పనికొస్తుంది. నలుపు ఎండని మింగుతుంది, తెలుపు తిప్పికొడుతుంది.

సీటు మార్చకముందే చూడవలసింది వెనక షాకబ్జర్లు. వెనక చక్రం పైకీ కిందికీ కదలడానికి ఉన్నది 88 మిల్లీమీటర్లే, ముందు 110. మన కాలనీ లోపలి వీధుల్లో స్పీడ్ బ్రేకర్లకి కొలతా ఉండదు, రంగూ ఉండదు. స్ప్రింగు అడుగున ఉన్న వలయాన్ని తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని మెకానిక్‌లు కూడా చెబుతుంటారు. నిజానికి స్ప్రింగు స్వభావం మారదు. ఒక సెంటీమీటరు అణగడానికి ఎంత బరువు కావాలో ముందూ అంతే, తర్వాతా అంతే. మారేది బండి కూర్చునే ఎత్తు. వెనక మనిషి ఎక్కితే బండి కుంగి, కదలడానికి ఉన్న దూరం ముందే ఖర్చయిపోతుంది, అప్పుడు గతుకులో డంగుమని తగులుతుంది. వలయం తిప్పి ఆ దూరాన్ని తిరిగి సంపాదిస్తాం. ఒక్కరే తిరిగేటప్పుడు మళ్ళీ తగ్గించాలి. ఆ తగ్గించడమే అందరూ మరిచిపోతారు. టైర్లలో గాలి కూడా బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే, కంపెనీ చెప్పిన లెక్కకి కొట్టించండి. నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టించుకుని సీటుని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను.

చువ్వల చక్రాలు ఈ బండికి అందం. అయితే చువ్వల కోసం రిమ్ముకి రంధ్రాలు పెడతారు కనుక గాలి నిలవాలంటే ట్యూబు తప్పదు. ట్యూబులో మేకు దిగితే గాలి గభాలున పోతుంది, ట్యూబ్‌లెస్‌లో మేకు చుట్టూ రబ్బరు పట్టి ఉంచుతుంది. 2023 మార్చిలో కంపెనీయే అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లతో కొన్ని రంగుల్లో తెచ్చింది. రోజూ ఆఫీసుకి తిరిగేవాళ్ళు అవి తీసుకోవడమే మంచిదని నా మాట. అందం కోసం చువ్వలు కావాలంటే తీసుకోండి, పంక్చర్ పడ్డ నాడు చక్రం విప్పే ఓపికనీ దాంతోపాటే తీసుకోండి.

ముందు అద్దం, అంటే విండ్‌స్క్రీన్ గురించి. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 50 కిలోమీటర్ల దగ్గర మీ ఛాతీ మీద ఐదు కిలోల తోపు ఉంటే 100 దగ్గర 20 కిలోలు. నిటారుగా కూర్చోబెట్టే బండి కనుక ఆ తోపంతా భుజాలూ మెడా భరించాలి. ఊరు దాటి వికారాబాద్ అనంతగిరి దాకా వెళ్ళేవాళ్ళకి అద్దం ఉపకారమే. పొట్టి అద్దంతో ఒక చిక్కు ఉంది. దాని పై అంచు దగ్గర గాలి సుడులు తిరిగి సరిగ్గా హెల్మెట్‌కి తగులుతాయి, తల అదురుతుంది. కొనేముందు ఎవరి బండి మీదైనా వేగంగా వెళ్ళి చూడండి. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి అది అక్కర్లేదు, పైగా ఎండాకాలం వచ్చే కాస్త గాలినీ ఆపుతుంది. గాలి వేడి 35 దాటాక అది చర్మాన్ని చల్లబరచదు, వేడెక్కిస్తుంది. మనల్ని కాపాడేది చెమట ఆరడమే. అందుకే ఎండలో చేతులు కప్పుకోవాలి, నీళ్ళు తాగాలి.

ఫోన్ హోల్డర్ పెట్టుకునేవాళ్ళకి ఒక ముఖ్య సంగతి. ఫోన్ కెమెరాల్లో బొమ్మ కదలకుండా ఉండేందుకు కటకాన్ని సన్నటి స్ప్రింగుల మీద నిలుపుతారు. పెద్ద మోటార్ సైకిళ్ళ అదురు వాటిని పాడుచేయవచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరిక ప్రకటించింది. పెట్టాలంటే అదురు మింగే రబ్బరున్న హోల్డరే పెట్టండి. హ్యాండిల్ చివర్ల ఇనుప బరువులు అలంకారమని తీసేసి అద్దాలు బిగించుకుంటున్నారు. ఆ బరువు హ్యాండిల్ సహజ కంపనాన్ని కిందికి దింపి, ఇంజన్ తాళానికి అది ఊగకుండా చూస్తుంది. బరువు తీసేస్తే అద్దంలో వెనక బస్సు రెండుగా కనిపిస్తుంది.

అదనపు దీపాలు వేయించేముందు భాగహారం చేయండి. 55 వాట్ల బల్బులు రెండంటే 110 వాట్లు, 12 వోల్టులతో భాగిస్తే తొమ్మిది ఆంపియర్లు. ట్రాఫిక్‌లో నెమ్మదిగా తిరిగే ఇంజన్ అంత కరెంటు పుట్టించడం కష్టం, బ్యాటరీ లోటు భరిస్తుంది. ఎల్ఈడీలు వేయించి, ఫ్యూజు పెట్టించి, వాటిని కిందికి వంచండి. ఎదుటివాడి కళ్ళు కూడా మన రోడ్డు భద్రతలో భాగమే. సైలెన్సర్ సంగతి ఇంకా గట్టిగా చెబుతాను. 175 సీసీ దాటిన బండికి తయారీలో అనుమతించిన శబ్దం 80 డెసిబెల్స్. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పదింతలు. మార్చిన సైలెన్సర్ 90 దగ్గర అరుస్తుందంటే పది బళ్ళు ఒకేసారి మీ వీధిలో దూరినట్టు. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది, లోపల మనుషులు నిద్ర కోసం అల్లాడుతుంటారు. 270 డిగ్రీల గుడగుడని ఇంజనీర్లు కంపెనీ సైలెన్సర్‌లోనే చక్కగా వినిపించారు. దాన్ని పాడుచేయకండి.

పెట్రోలు లేకుండానే 202 కిలోల బండి ఇది. నిండా పోస్తే 13.7 లీటర్లు, ఇంకో పది కిలోలు. ఎనిమిదడుగులకి ఒక అడుగు లేచే సెల్లార్ వాలు మీద ఇంజన్ లేకుండా తొయ్యాలంటే బరువులో ఎనిమిదో వంతు, 26 కిలోల బలం ఎడతెగకుండా పెట్టాలి. దిగేటప్పుడు అంత బలంతోనూ అది మిమ్మల్ని తోస్తుంది. అందుకే లెగ్ గార్డు అనవసరపు ఖర్చని నేననను. నిలబడ్డచోట బండి పడితే ఇంజన్‌నీ కాలినీ కాస్తుంది. ఫ్రేముకి కంపెనీ ఇచ్చిన చోటనే బిగించాలి. సంచులు వేలాడదీసినప్పుడు బరువైనవి కిందికి, ముందుకి ఉండాలి. వెనక ఇరుసు దాటి బరువు పెడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ మాట వినదు.

సామాన్లు బిగించేవాళ్ళు అందం కోసం వెనక పట్టుకునే కడ్డీ, చీర గార్డు విప్పేస్తున్నారు. ఆ రెండూ కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం ఉండి తీరాలి. చున్నీ చక్రంలో చిక్కుకుంటే సెకనులో పదో వంతు కూడా వ్యవధి ఉండదు. ఇక హెల్మెట్. బండి నిలబడే ఉన్నా, మీటరున్నర ఎత్తు నుంచి తల నేలకి తగిలితే ఆ వేగం గంటకి 20 కిలోమీటర్లకి దగ్గర. లోపలి థర్మోకోల్ మూడు సెంటీమీటర్లు నలిగితే తల ఆ దూరంలో ఆగుతుంది. ఒకటిన్నర మీటర్లని మూడు సెంటీమీటర్లతో భాగించండి, యాభై వస్తుంది. తల మీద పడే కుదుపు భూమ్యాకర్షణకి 50 రెట్లు. హెల్మెట్ లేకపోతే ఆగే దూరం మిల్లీమీటర్లలో, కుదుపు 500 రెట్లు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ అమ్మడమే నేరం. ఇంత ఖరీదైన బండి కొన్నవాళ్ళు వెనక సీటు మనిషి కోసం రెండో హెల్మెట్ కూడా ఆ ముద్ర చూసే కొనండి, గడ్డం కింద పట్టీ మీ చేత్తో బిగించాకే బండి కదపండి.